మా అత్తయ్య ఎంచిన బాంగోలు

మా అత్తయ్య పోయింది. బడిలో లెక్కలు చెబుతుంటే బావ ఫోన్ చేసి, "అమ్మ ప్రభువు దగ్గరికి వెళ్లిపోయిందే," అన్నాడు. లెక్క సగంలో వదిలేసి పాలకొల్లు బస్టాండుకి పరిగెత్తాను. బస్సెక్కాక ఏడుపు రాలేదు, ముందు కోపం వచ్చింది. మొన్న ఆదివారం నా వాయింపు నత్తనడక నడుస్తోందని నలుగురిలో కడిగేసిన మనిషి, నేను బాగుపడేదాకా అయినా ఆగొద్దూ?

ఆవిడ మా నాన్నకి అక్క. ఉద్యోగమున్నన్నాళ్లూ వారమంతా ఆఫీసులో ఫైళ్లు, ఆదివారం మా ఊరి లూథరన్ చర్చిలో బాంగోలు. అంటే మోకాళ్ల మధ్య పెట్టుకుని చేతులతో వాయించే జంట వాయిద్యం, ఒకటి చిన్నది, ఒకటి పెద్దది. మొదట్లో ఒక సంఘపెద్ద మొహం చిట్లించి, "ఆడమనిషి అలా కూర్చుని వాయిస్తే బాగుంటుందామ్మా?" అన్నాడట. "గారెలు తట్టే చేతులండీ ఇవి. తోలు తట్టలేవా? మీరు కళ్లు మూసుకుని ప్రార్థన చేసుకోండి, ఏమీ కనబడదు," అందట అత్తయ్య. ఆ పెద్దాయనే తర్వాత్తర్వాత ముందు బెంచీలో కూర్చుని, "కాస్త గట్టిగా వాయించమ్మా, చెవులు తగ్గాయి," అని అడిగేవాడు.

బాంగోలకి బిగించే మేకతోలంటే ఆవిడకి ప్రాణం. మన గాలిలో తేమకి తోలు ఇట్టే మెత్తబడిపోతుంది. అందుకని అందరికంటే ముందే వచ్చి బాంగోల్ని ఎండలో పెట్టేది. ఎండ లేని రోజు చర్చి వంటసాలలో పొయ్యికి ఎడంగా పట్టుకుని, పసిపిల్లకి కాపడం పెట్టినట్టు కాచుకునేది. ఆరాధన అయ్యాక బోల్టులు వదులు చేసిగానీ కాఫీ ముట్టేది కాదు. ఆ పానా ఎప్పుడూ హ్యాండుబ్యాగులో కళ్లజోడు పక్కనే ఉండేది. పెళ్లికెళితే పెళ్లికూతుర్ని చూడకముందే బ్యాండువాళ్ల దగ్గర తేలేది. వాళ్ల డ్రమ్ము మీద గోటితో కొట్టి చూసి, "ఏం బాబూ, దీనికి అన్నం పెట్టట్లేదా?" అనేది. నేను సిగ్గుతో చచ్చిపోయేదాన్ని.

ఆవిడ వేళ్ల కణుపులు వాచిపోయి, పాత బాంగోల కర్ర డొక్క కూడా పగిలిపోయాక, కమిటీవాళ్లకి కొత్త ఆలోచన వచ్చింది. "ఎలక్ట్రానిక్ ప్యాడ్ కొందామండి ఆంటీగారూ. ఒక్క బటన్ నొక్కితే ఏ తాళం కావాలంటే అదొస్తుంది," అన్నాడు కోశాధికారి.

"పెళ్లి పాటకీ, సమాధి దగ్గర పాటకీ అదే బటనా అండి?"

"అది కాదండి. మరి మీ తర్వాత వాయించేదెవరు?"

"అదిగో, మా మేనకోడలు," అని వెనక వరసలో కూర్చున్న నన్ను చూపించేసింది. నన్నొక మాట అడిగితేనా! చిన్నప్పుడు ఒళ్లో కూర్చోబెట్టుకుని పలక మీద దరువు నేర్పిన మాట నిజమే గానీ, సంఘం ముందు వాయించడం నావల్ల అవుతుందా? సరే, క్రిస్మస్ దాకా చూద్దాం, కుదరకపోతే ప్యాడే అని తేల్చారు. మా చర్చిలో చేత్తో వాయించే వాయిద్యం ఉంటుందో పోతుందో నా నెత్తిన పడింది.

కొనడానికి అత్తయ్య, నేను, కోశాధికారి రాజమండ్రి వెళ్లాం. కొట్టాయన మూడు జతలు దింపాడు. తళతళలాడే ఫైబరుది చూడగానే కోశాధికారి, "చర్చికి అందంగా ఉంటుందండి," అన్నాడు. అత్తయ్య డొక్క మీద గోటితో కొట్టి చెవి ఆనించింది. "పగలదు, నిజమే. కానీ గొంతు మరీ పెద్దదండి. మనది రేకుల కప్పు, పాడేవాళ్లు వినబడొద్దూ?" తోలుని బిగించే ఇనప రింగు మీద మెరుపు చూసి, "మన ఉప్పుగాలి తగిలితే ఈ సోకెంతసేపు," అంది.

రెండోది మామిడికర్ర, మేకతోలు. దాన్ని వాచిన వేళ్లతోనే మెల్లగా వాయించింది. కొట్టాయన మాట్లాడుతున్నవాడల్లా ఆగిపోయాడు. "వెన్నే," అంది అత్తయ్య. ఇంక బేరం కుదిరినట్టే అనుకున్నాను.

అప్పుడు నన్ను కూర్చోబెట్టింది. ఒక్కో జత మీదా ఒక పాటంతా వాయించమంది. వాయించడం ఆపగానే నా అరచెయ్యి తిప్పి చూసేది. మేకతోలు జతకి రింగు అంచు పదునుగా ఉంది, నా వేళ్ల మొదట్లో ఎర్రగా గీత పడింది. మూడోది తేలికపాటి కర్ర, ప్లాస్టిక్ తోలు. రింగు అంచు గుండ్రంగా ఉంది. గీత పడలేదు. రెండు డొక్కల్నీ కలిపే చెక్కని గట్టిగా ఊపి చూసింది, బోల్టులు బిగించి చూసింది. "ఇది కట్టండి బాబూ," అంది.

రావులపాలెం దాటేదాకా ఓర్చుకుని, "నీకు నచ్చింది అది కదా అత్తయ్యా! ఎందుకొదిలేశావ్?" అని పోట్లాడాను.

"నేను వాయించేదైతే అదే కొందునే పిచ్చిమొహమా! పొద్దున్న లేస్తే వంట, పిల్లలు, బడి. తోలు కాచుకునే తీరిక నీకెక్కడిది? చెయ్యి మండితే నాలుగు వారాలు ఓర్చుకుంటావ్, ఆ తర్వాత మానేస్తావ్. నువ్వు మానేశావంటే ఆ బటనొచ్చి కూర్చుంటుంది."

నేను కిటికీ వైపు తిరిగి ఏడ్చాను. ఆవిడ బాంగోల మీద చెయ్యేసి నిద్రపోయింది.

సమాధుల తోటకి తీసుకెళ్లే వేళకి వాన పట్టుకుంది. గేటు దగ్గర క్వయర్ పిల్ల ఒకత్తి, "అక్కా, బాంగోలు తడిస్తే పాడైపోవూ?" అంది. "పాడవ్వవే," అన్నాను. నా మాట విని కోశాధికారి వెనక్కి తిరిగాడు. నా చేతుల్లో ఉన్నవాటిని చూసి, "జరగండి, జరగండి. బాంగోలకి దారివ్వండి," అని జనాన్ని పక్కకి తప్పించాడు. సమాధి పక్కనే కుర్చీ వేయించాడు.

ఆవిడకి ఇష్టమైన పాటే ఎత్తుకున్నారు. మొదటి పాదంలో దరువు కాస్త వెనకబడింది, ఆ తర్వాత కుదిరింది. దెబ్బ పడ్డప్పుడల్లా నీళ్లు నా మొహాన చిందుతున్నాయి. ఎంత తడిసినా స్వరం దిగలేదు. ఎవరి గొంతూ దాని కింద నలగలేదు. మేకతోలైతే రెండో చరణానికే మూగబోయేది.

పాట అయిపోయింది, పెట్టె కిందికి దింపారు. నేను చేతులు తీసేశాను. జనమంతా తలొంచుకున్నారు. చిన్నదాని మీద, పెద్దదాని మీద చినుకులు వాయిస్తూనే ఉన్నాయి.