మధ్యలో అన్న ఆమెన్

మొన్న ఆదివారం ఆరాధన ముగించుకుని ఇంటికొచ్చి, కళ్లజోడు తుడుచుకుని ఫోను తెరిచేసరికి, మా సంఘం వాళ్ల ప్రార్థనా గ్రూపులో మా చిన్నన్నయ్య మనవరాలి ఫొటో కనిపించింది. ఖరగ్‌పూర్ నుంచి వచ్చి ఇక్కడ విశాఖ యూనివర్సిటీలో ఈ ఏడే చేరిన పిల్ల. ఈ సహోదరికి మన ఊళ్లో స్నేహితులెవరూ లేరనీ, సరిగా తినడం లేదనీ, నిద్రమాత్రలు వేసుకుంటోందనీ, అందరూ భారంతో ప్రార్థించాలనీ ఆ ఫొటో కింద రాసి ఉంది. యువతుల కూటం నడిపే అమ్మాయి పక్కన కూర్చోబెట్టుకుని తల నిమిరి అడిగితే ఈ వెర్రిపిల్ల నమ్మి చెప్పుకుందట. ఆ కన్నీళ్లు ఆరకముందే క్రిస్మస్ కేకు ముక్కల్లా ఊరందరికీ పంచిపెట్టేశారు.

వీధి మూలల్లో నిలబడి ప్రార్థించే వేషధారుల్ని ప్రభువు ఎంత చీదరించుకున్నాడో ఆదివారపు బడిలోనే నేర్చుకున్నాం. పాపం, ఆ వేషధారులు కనీసం తమ గురించి తామే ప్రార్థించుకున్నారు. వీళ్లకు భక్తి చేసుకోవడానికి కూడా పక్కవాళ్ల గుట్టు కావాలి. అయితే ఈ జబ్బు ఫోనుతో పుట్టిందని నేను అనను. నా ఈడు వాళ్లలో హాస్టల్ కూటాలకు వెళ్లినవాళ్లు ఉంటే, దాని వాసన ఎంత పాతదో వాళ్లకు నేను చెప్పక్కర్లేదు.

నేనూ ఖరగ్‌పూర్ పిల్లనే. మా నాన్నగారు అక్కడి రైల్వే వర్క్‌షాపులో పనిచేస్తూ, తెలుగు సంఘానికి పెద్దగా ఉండేవారు. నేను రేకుపెట్టె పట్టుకుని మెయిలు రైలు దిగి, సముద్రం కనిపించే ఆ కొండవాలు మీద అంత పెద్ద యూనివర్సిటీలో అడుగుపెట్టినప్పుడు, నాకు తెలిసిన మనిషి ఒక్కరూ లేరు. మెస్సులో ఒక బల్ల దక్షిణ కోస్తా జిల్లాలవాళ్లది, ఇంకో బల్ల విశాఖ, విజయనగరం వాళ్లది. నా హిందీ కలిసిన తెలుగు విని రెండు బల్లలవాళ్లూ నవ్వేవారు గానీ, పక్కకు జరిగి చోటిచ్చిన వాళ్లు లేరు.

అప్పుడు నన్ను చేరదీసింది మా హాస్టల్‌లో ప్రార్థనకూటం నడిపే అక్క. తెల్లటి నేత చీర, బిగించిన జడ, ఎప్పుడూ సగం మూసిన కళ్లు. ఆవిడ ఎవరినీ పేరుపెట్టి పిలిచేది కాదు. అందరం "ప్రియమైన చెల్లి"లమే. కూటంలో చేరిన ప్రతి కొత్తపిల్లకూ ఒక ప్రార్థన భాగస్వామి ఉండాలని అక్కడ నియమం. ఇద్దరూ కూర్చుని ఒకరి బాధలు ఒకరు చెప్పుకుని, మోకరించి ప్రార్థించాలి. నాకు భాగస్వామిగా అక్కే వచ్చింది. నేను పొంగిపోయాను. తన బాధలు మాత్రం ఆవిడ ఎన్నడూ చెప్పలేదు. ఆవిడకు బాధలే ఉండేవి కావట, అన్నీ ప్రభువు తీసివేశాడట. నాకది అప్పుడు పరిశుద్ధతలా కనిపించింది.

ఇంటి మీద బెంగతో ఉన్న ఒక సాయంత్రం, ఎవరితోనూ అనని మాట ఆవిడతో అన్నాను. మా పెద్దన్నయ్య పోయిన దగ్గర్నుంచీ నాన్నగారు చాటుగా తాగుతున్నారు. ఆ సంగతి అమ్మకూ నాకూ తప్ప ఎవరికీ తెలియదు. బయటపడితే సంఘ పెద్దరికం పోతుంది. ఆయన్ను ఆదివారం పొద్దున శుభ్రంగా లేపి నిలబెడుతున్నది ఆ పెద్దరికం ఒక్కటే. ఆ కూటానికి వచ్చేవాళ్లలో ఖరగ్‌పూర్‌లో చుట్టాలున్నవాళ్లు కూడా ఉన్నారని అక్కకు బాగా తెలుసు. నా చేతులు పట్టుకుని, ఇది నీకూ నాకూ దేవుడికీ మధ్యనే ఉంటుందని చెప్పింది.

ఆ వారం మధ్యాహ్నపు కూటంలో అందరం తలలు వంచాం. అక్క దేశం కోసం, పరీక్షల కోసం, మెస్సు వంటమనిషి రక్షణ కోసం ప్రార్థించి, గొంతు సన్నం చేసింది. ఆవిడ గొంతు సన్నబడిందంటే ఎవరి కొంపో అంటుకున్నట్టే.

"ప్రభువా, ఖరగ్‌పూర్ నుంచి వచ్చిన ఈ చెల్లి ఇంటిని చూడు తండ్రీ. ఈ చెల్లి నాన్నగారు నీ సంఘంలో పెద్ద అయి ఉండి కూడా, సాయంత్రమైతే..."

"ఆమెన్!"

వెనక వరుసలోంచి, రేవులో కళాసీల్ని కేకేసినట్టు వచ్చింది ఆ మాట. ఆమెన్ వినిపిస్తే ఆమెన్ అనడం మనకు ఉగ్గుపాలతో వచ్చిన అలవాటు. గది గదంతా ఒక్కసారిగా ఆమెన్ అంది, చీర కొంగులు సర్దుకుంది, లేచింది. అక్క ఒక్కతే కళ్లు మూసుకుని, నోరు తెరుచుకుని ఉండిపోయింది. ఆవిడ కళ్లు పూర్తిగా తెరవగా నేను చూసింది ఆ తర్వాతే.

"ఇంకా ముగించలేదు చెల్లీ," అంది పళ్ల బిగువున.

"మీరు ముగించకపోయినా దేవుడికి తెల్దేటక్కా? నాకు ఆకలేస్తంది," అంది వెనక వరుస పిల్ల.

మల్కాపురం నుంచి రోజూ బస్సులో వచ్చే పిల్ల అది. వాళ్ల నాన్న పోర్టులో కళాసీ. నేను పెట్టె సర్దుకుని మర్నాడు మెయిలెక్కేద్దామని గదికి పరిగెడుతుంటే, వెనకాలే వచ్చి చెయ్యి పట్టుకుంది.

"ఏటే, ఎక్కడికే ఆ పరుగు? రా, నా కేరేజీలో సేపల పులుసుంది. నానొక్కదాన్నే తిన్లేను."

చెట్టు కింద కూర్చుని తిన్నాం. నేను ఏడుస్తూ తిన్నాను. అదేమో పులుసులో ఉప్పెక్కువైందని వాళ్లమ్మను తిడుతూ తింది. నేను మెయిలెక్కలేదు. చదువైంది, ఉద్యోగం, పెళ్లి అన్నీ ఈ ఊళ్లోనే అయ్యాయి. మా నాన్నగారు సంఘ పెద్దగానే కన్నుమూశారు. సాయంత్రమైతే ఏమిటి అన్న సంగతి నా స్నేహితురాలు ఈనాటికీ అడగలేదు. అక్క మాత్రం పెద్ద ప్రసంగీకురాలైంది. ఎందరి గుట్టో ఆవిడ ప్రసంగాల్లో ఉదాహరణలుగా విన్నాను.

మొన్న ఫోనులో మనవరాలి ఫొటో చూడగానే నాకు ఆ మధ్యాహ్నం గుర్తొచ్చి, నేనూ "ఆమెన్" అని కొట్టి పంపాను, ఇక నోరు మూయండని. దానికింద ఇంకో ఆమెన్, మరో ఆమెన్, దండం పెట్టే చేతుల బొమ్మలు, ఏడుపు ముఖాలు, ఏ మాత్ర వేసుకుంటోందని ఆరాలు వచ్చి పడ్డాయి. నా మాట దాన్ని ఆపకపోగా, పొయ్యిలోకి పుల్లలా పనికొచ్చింది.

మల్కాపురానికి ఫోను చేశాను. అంతా విని, "ఫోన్లో ఆమెనంటే ఆగుద్దేటే? పిల్ల కాడికి పోదాం, లెగు," అంది మోకాళ్లు వంగని నా స్నేహితురాలు.

ద్వారకా నగర్ బస్సు కాంప్లెక్సులో కలుసుకుని, ఇద్దరు ముసలమ్మలం బస్సెక్కి హాస్టలు గేటు దగ్గర దిగాం. పిల్ల తల వంచుకుని వచ్చింది. మాత్రల గురించి నోటిదాకా వచ్చిన ప్రశ్నను, నా మోచేతి మీద పడిన గిల్లుడు ఆపేసింది. నా స్నేహితురాలు కేరేజీ మూత తీసి, ఉప్పెక్కువైందో లేదో చూసి చెప్పమంది. పిల్ల తింటున్నంతసేపూ పక్కనున్న ఫోను మిణుకుమిణుకుమంటూనే ఉంది, ఒక్కొక్క ఆమెనూ వచ్చి చేరుతూనే ఉంది.

మా రోజులు మంచివని అబద్ధమాడను, అక్కలు అప్పుడూ ఉన్నారు. కానీ అప్పుడు అందరం ఒకే గదిలో ఉండేవాళ్లం, వెనక వరుసంటూ ఒకటి ఉండేది. ఈ పిల్ల కోసం ఊరంతా ఆమెన్ అంది. ఒక్కరూ మధ్యలో అనలేదు.