సున్నపు బట్టీకి పోయిన చేప తల

నరసరావుపేట బళ్లో టీచరుగా చేసే మా మనవరాలు పోయిన వారం పిల్లల్ని హైదరాబాదులో మ్యూజియానికి తీసుకెళ్లి వచ్చింది. ఆదివారం ప్రార్థన ముగిశాక నా పక్కన కూర్చుని ఫోనులో ఫోటోలు జరుపుతూ ఒకచోట ఆగింది. బూడిదరంగు పలక మీద జానెడు చేప, గోరంతేసి నల్లటి పొలుసులు, పుల్లలు పుల్లలుగా విచ్చుకున్న రెక్కలు. తల మాత్రం లేదు. "తాతయ్యా, ఇదేంది, ఈ పక్క స్కేలు పెట్టి కోసినట్టుందే?" అంది. కళ్లజోడు తెచ్చుకుంటానని లేచి పెరట్లోకి వచ్చేశాను. నాలాగా నాపరాళ్ల క్వారీల్లో చేతులు కాయలు కాయించుకున్న నా ఈడువాళ్లు ఎవరైనా ఇది చదువుతుంటే, ముందు వాళ్లకే చెప్పుకోవాలి.

వయసులో ఉన్నప్పుడు మాచర్ల దగ్గరి క్వారీలో పలక విడదీయడంలో నన్ను మించినవాడు లేడని నాకు మహా పొగరు. రాయి అంచు మీద నీళ్లు చల్లి, అది ఆరుతుంటే ఆఖరున తడి నిలిచిన గీత ఎక్కడుందో చూసి, అక్కడ ఉలి పెట్టి సుత్తితో మెల్లగా తట్టుకుంటూ పోతే, రాయి దానంతటదే పొరగా లేచేది. లేచిన పలకకు వంకర అంచుంటే మా చేయి ఊరుకునేది కాదు, నాలుగు దెబ్బలు వేసి తిన్నగా చేసిగాని పక్కన పెట్టేవాళ్లం కాదు. రాలిన ముక్కల్ని ఆడవాళ్లు గంపలకెత్తి, క్వారీ వెనకే ఉన్న సున్నపు బట్టీలో పోసేవారు. మా మేనత్తకు అదే పని.

అలాంటి రోజుల్లో రాళ్ల మీద పరిశోధన చేసే ఒక సారు గోదావరి అవతలి అడవుల నుంచి లారీడు రాళ్లు వేసుకుని మా క్వారీకి వచ్చాడు. అక్కడి కూలీల చేతుల్లో అవి ముక్కలైపోతున్నాయట, పల్నాడు వాళ్లయితే పొర చెదరకుండా విడదీస్తారని ఎవరో చెప్పారట. లోపల చేపలున్నాయంటే మేమంతా నవ్వాం. రాకాసి బల్లులు తిరిగిన కాలంలో ఒక మంచినీటి చెరువులో ఈదిన చేపలని, చచ్చి అడుగు బురదలో పడితే ఆ బురదే రాయైందని ఓపిగ్గా చెప్పాడు. మరి మా రాళ్లలో ఎందుకు లేవని అడిగితే, మీ పల్నాడు రాయి అసలు చేపలే పుట్టకముందుదయ్యా అన్నాడు. ఆ మాట విన్నరోజు మా ఊరి మీద నాకు ఎక్కడలేని గౌరవం కలిగింది.

తొమ్మిది రోజులు పొలుసులూ ఎముక ముక్కలే వచ్చాయి. పదోరోజు పొద్దున నా ఉలి కింద ఒక పలక తెరుచుకుంది, చూద్దును కదా, తోక నుంచి మెడ దాకా చేప! సారు కళ్లలో నీళ్లు తిరిగాయి. నా చేయి పట్టుకుని, నీది బంగారం లాంటి చేయి అన్నాడు. పలకను చుట్టడానికి దూదీ గుడ్డలూ తెస్తానని జీపులో ఊళ్లోకి వెళ్లాడు.

నేను చేసిన పాడు పని అప్పుడే. చేప మెడ దగ్గర ఆగిపోయింది, ఆ తర్వాత ఉన్నదంతా వంకరటింకర ఉత్త రాయి. ఇంత మంచి పలక ఆ అంచుతో పెట్టెలో ఎట్లా కూర్చుంటుందని, సారు మెచ్చుకోవాలని, నాలుగు దెబ్బల్లో గీత గీసినట్టు తిన్నగా చేశాను. మేనత్త ఎప్పటిలాగే ముక్కలెత్తుకుని పోయింది.

సారు వచ్చి భూతద్దం పెట్టి, "తల ఈ పక్క పైపొర కింద ఉండాలే. తల ఎముకలు చూస్తేనే ఇది ఏ చేపో తెలిసేది, పేరు పెట్టాలన్నా తలే కావాలి," అంటూ విరిగిన ముక్క కోసం చుట్టూ వెతుక్కున్నాడు. మంచినీళ్లు తెస్తానని చెప్పి బట్టీ వైపు ఒకటే పరుగు. ఎదురుగా మేనత్త ఖాళీ గంపతో వస్తోంది.

"ఏందిరా ఆ పరుగు?"

"అత్తా, ఇందాకటి ముక్కలు ఏవీ?"

"బట్టీలో పోశాగా. ఏమైందిరా?"

మెట్లెక్కి పైకి పోతే, కొత్తగా పోసిన రాళ్ల సందుల్లోంచి సెగ ముఖానికి కొట్టింది. వంగి ఒట్టి చేతులతో రాళ్లు లాగాను. ఒకటి, రెండు, ఐదు. ఏదీ అది కాదు. లోపల రాళ్లు అప్పటికే చిటచిటమని పేలుతున్నాయి. బట్టీ మనిషి చొక్కా పట్టుకుని వెనక్కి గుంజి, "ఒరేయ్, చస్తావురా!" అని అరిచాడు.

బొబ్బలెక్కిన చేతులతో తిరిగొస్తే, ఏమైందని సారు కంగారుపడ్డాడు. టీ గిన్నె ఒలికిందన్నాను. బంగారం లాంటి చేయి అన్న ఆ నోటితోనే నన్ను ఛీ అంటాడేమోనని భయం, అంతే. ఆయన తన చేత్తో నాకు మందు రాశాడు. ఆ తర్వాత మూడు రోజులు, అంచు విడదీసేటప్పుడే విరిగి రాళ్లలో కలిసిపోయిందనుకుని, తల ఏ ముక్కలో ఇరుక్కుందోనని, మిగిలిన రాళ్లన్నీ ఎండలో కూర్చుని ఒక్కొక్కటే తిరగేశాడు. నేను పక్కనే నిలబడి నీళ్లందించాను. మేనత్తకు సంగతి తెలిసిపోయింది. తను పోయేదాకా ఎవరికీ చెప్పలేదు మహాతల్లి.

ఇప్పుడు క్వారీల్లో అన్నీ రంపపు మిషన్లే. అంచులు వాటంతటవే తిన్నగా వస్తాయి, పలక ముఖం చూసేవాడు లేడు, తడి గీత ఎక్కడ నిలిచిందో వెతికేవాడూ లేడు. ఇళ్లకు రంగులొచ్చాయి, సున్నం కొట్టే చేతులూ పోయాయి. చేప దొరికిన ఆ ఏడు క్రిస్మస్‌కు ఆ బట్టీ సున్నమే తెచ్చి, బొబ్బలు మానిన ఈ చేతులతోనే మా ఇంటి గోడలకు కొట్టాను.

మనవరాలు పెరట్లోకి వచ్చి ఫోటో పెద్దది చేసి, కింద చీటీ మీద రాసింది చదివింది. తల దొరకలేదు, పేరు నిర్ణయించలేదు అని ఉందట. ఆ తిన్నని అంచు మీద వేలుపెట్టి, "ఇది నా సుత్తి దెబ్బేనమ్మా," అన్నాను.