కారవాన్ సింకు కింద నూలు కట్టు

లాక్‌డౌన్లు ముగిసిన ఏడాది జూన్‌లో, మరమగ్గాల ఊరి శివారు అంజూర్ ఫాటాలోని ఒక బాడీ గ్యారేజీలో నన్ను సీనియర్ ఫిట్టర్‌ని చేశారు. పాత మినీ బస్సులను కారవాన్లుగా, అంటే మంచం, వంటగట్టు, సింకు ఉన్న బండ్లుగా మార్చే గ్యారేజీ అది. సీనియర్ అంటే నా కింద ఎవరూ లేరు. పెద్ద పానా మాత్రం నా చేతికిచ్చారు. వెన్నునొప్పితో ముప్పై రెండో ఏట రిటైరై, ప్రస్తుతం నిజాంపురాలో బకెట్లు అమ్ముతున్నాను.

ఆ హోదాలో నేను పైపులు బిగించిన మొదటి కారవాన్ ఒక తెలుగు సేటుది. యాత్రలకు అద్దెకిచ్చేవాడు. డ్రైవరు రాజన్న అదే ఊళ్లోని నాగావ్‌లో ఇరవై ఏళ్లు మరమగ్గాలు నడిపి, అవి మూతపడ్డాక స్టీరింగ్ పట్టినవాడు. మగ్గాల మోతకు చెవులు సగం పోయాయి.

నెల తిరక్కుండా బండి వెనక్కి వచ్చింది. సింకు కింద ప్లైవుడ్ ఉబ్బి పొరలు లేచింది. పైపు జాయింటుకు నూలు దారం బిగించి చుట్టి ఉంది.

"పిలాస్టిక్‌కు దారం చుడ్తరా? ఇదేమన్న తెగిన పోగా, ముడేస్తే అతుకనీకి?" అన్నాడు సేటు. "అంతా ఖరాబ్ చేసినవ్. రేపటి సంది రాకు రాజన్నా."

చెవులు సగం పోయినా రాజన్నకు ఈ మాట మాత్రం బాగానే వినబడింది.

పరీక్ష నాకు అప్పగించారు. పద్ధతి చిన్నదే. కుళాయిలన్నీ కట్టేసి పంపు వేయాలి. ఎవరూ నీళ్లు వాడకుండానే పంపు మళ్లీ మళ్లీ గుర్రుమంటే ఎక్కడో కారుతున్నట్టు. అప్పుడు ఒక్కో జాయింటుకూ పొడి కాగితం ఆనించి చూడాలి. దారం దగ్గర కాగితం తడిసింది, కొద్దిగానే.

"పంపు మోత నాకు ఇనరాదు తమ్మీ," అన్నాడు రాజన్న. "చెయ్యి వెడితే తడి తగిలింది. తొవ్వల ఏం దొరుకుతది? జేబుల దారముండె, చుట్టిన."

దారం విప్పి మళ్లీ పంపు వేశాను. నీళ్లు నా ముఖాన కొట్టాయి. నట్టు నిలువునా వెంట్రుకవాసి పగిలి ఉంది. పగులు పక్కన పానా పళ్ల గాట్లు. రాజన్న దగ్గర పానా లేదు. నా దగ్గరుంది, పెద్దది.

ప్లాస్టిక్ నట్టును చేత్తో బిగించి, పైన పావు చుట్టు తిప్పితే చాలు. నీళ్లను ఆపేది లోపలి రబ్బరు వాషరు. కొత్త హోదా ఉత్సాహంలో నేను నిండు చుట్టు తిప్పాను.

ముక్కులో పోయిన నీళ్లు చీదేశాను. తర్వాత చెప్పాను: "సేట్, గాట్లు నా పానావి. దారం లేకుంటే బండంత చెరువైతుండె."

సేటు గాట్లను చూశాడు, నన్ను చూశాడు. "గింత లావు పానా నీకెవడిచ్చిండ్రా?" అన్నాడు. రాజన్న వైపు తిరిగి, గట్టిగా, "పొద్దుగాల ఆరింటికి రా" అన్నాడు. క్షమాపణ అంతే. రాజన్న తలూపి, సింకు కింద తడి తుడవడం మొదలుపెట్టాడు.

నట్టూ వాషరూ కొత్తవి వేశాను. నా ఉద్యోగం పోలేదు, పానా పోయింది. గ్యారేజీ ఇన్‌చార్జి దాన్ని బీరువాలో పెట్టి తాళం వేసి, రెండు నెలలు చేత్తోనే బిగించమన్నాడు. ఆ రెండు నెలల్లో బిగించిన బండి ఒక్కటీ వెనక్కి రాలేదు.

అప్పటినుంచి నేను పాటించిన నియమం ఒకటే: కారే చోట కట్టు కనబడితే, కట్టినవాణ్ని నిలదీసే ముందు దాన్ని విప్పి, కింద ఎవరి గాట్లున్నాయో చూడాలి.