ఖిల్లా ద్వారానికి కట్టిన తాడు

నిన్న టీవీలో ఒక పాత సినిమా వచ్చింది. అందులో రాజు ఖమ్మం ఖిల్లా ద్వారంలో నిలబడి, "నా కోట తలుపులు నా ప్రజలకు ఎప్పుడూ తెరిచే ఉంటాయి" అన్నాడు. నాకు ఒళ్ళు మండిపోయింది.

నా చిన్నప్పుడు, ఆ సినిమా షూటింగ్ జరుగుతున్న రోజే నాయిన నన్ను మణుగూరు నుంచి బస్సులో ఖిల్లాకు తీసుకెళ్ళాడు. "గా ఖిల్లా మనందరిది బిడ్డా" అని దారంతా చెప్పాడు. తీరా వెళ్తే ద్వారానికి అడ్డంగా తాడు కట్టి ఉంది.

"బయటోళ్ళు లోపలికి రావద్దు" అన్నాడు సినిమా మనిషి ఒకడు.

బొగ్గుగనిలో ఏ ఆఫీసరుకూ తల వంచని నాయిన చేతులు జోడించాడు. "పిల్ల శాన ఆశపడ్డది సార్. ఒక్కసారి సూసి వస్తం."

వాడు నాయిన భుజం పట్టి వెనక్కి నెట్టాడు. లోపల ప్లాస్టిక్ కుర్చీలో కిరీటం పెట్టుకున్న రాజు టీ తాగుతూ మమ్మల్ని చూసి ముఖం తిప్పుకున్నాడు. నిజం రాజే అనుకున్నాను. తన ఇల్లు కాబట్టి రానివ్వలేదనుకుని ఏళ్ళ తరబడి తిట్టుకున్నాను.

ఆ కిరీటం సాయంత్రం దాకేనని ఇప్పుడు తెలుసు. కోపం మాత్రం పోలేదు. టీవీ కట్టేయబోతే, పక్కనున్న నాయిన నా చెయ్యి పట్టుకున్నాడు.

"ఉండు బిడ్డా. మన ఖిల్లా ఎంత మంచిగ కనబడుతున్నదో సూడు."

పళ్ళు బిగపట్టుకుని చివరిదాకా చూశాను.