గని గేటు ముందు స్ట్రెచర్

బేతంచెర్లలో మాకు బట్టల అంగడి ఉండేది. రెండువేల సంవత్సరం దాటిన కొత్తల్లో ఒక మధ్యాహ్నం, మా అంగడి ఎదుట లారీ నుంచి నాపరాళ్లు దించుతున్న కూలీ కాలి మీద బండ జారి పడింది. పిక్క చీలి నెత్తురు కారిపోతోంది. జనం చేరారు గానీ ఎవరూ ముట్టుకోలేదు.

"ముట్టుకుంటే పోలీసు కేసమ్మా. మనం యాడ తిరుగుతాం?" అన్నాడు పక్కంగడాయన.

నేను గల్లాపెట్టె దగ్గర నుంచి లేచి, కొత్త తువ్వాలొకటి తీసుకుపోయి గాయం మీద అదిమి కట్టాను. ఎలా కట్టాలో నాకు తెలియదు. ఆటోలో ఆసుపత్రికి తీసుకుపోతే అక్కడి నర్సమ్మ చూసి, "ఇంకొంచెంసేపు అట్లే ఇడిచింటే మనిషి దక్కేవాడు కాదు" అంది.

ఇంటికి రాగానే మామ నిలదీశాడు. "అంగడి పెట్టుకున్నోళ్లం. మనకెందుకమ్మా ఇవన్నీ? రేపు స్టేషన్‌కు పిలిస్తే పోతావా?"

"పోతా మామా."

ఆయనకు నేను ఎదురు చెప్పడం అదే మొదలు. పిలవనే పిలిచారు. పోయి, చూసింది చెప్పి వచ్చాను. ఇంత మాత్రానికా ఊరంతా మనిషిని రోడ్డు మీద వదిలేసేది అని ఒళ్లు మండింది.

కట్టు కట్టడం నేర్పమని అడిగితే, నర్సమ్మ సెలవు రోజుల్లో మా మిద్దె మీదికి వచ్చి నేర్పుతానంది. కాలు పోగొట్టుకోకుండా బయటపడ్డ ఆ కూలీ భార్య వచ్చింది. ఇద్దరు ఆటోవాళ్లు, పాలిష్ ఫ్యాక్టరీల్లో పనిచేసే ఆడవాళ్లు కొందరు చేరారు. నెత్తురు ఆపడం, విరిగిన ఎముకకు బద్దలు కట్టడం, మనిషిని కదలకుండా ఎత్తడం ఒకరి మీద ఒకరం నేర్చుకున్నాం. ఊళ్లో మమ్మల్ని 'కట్లోళ్లు' అని నవ్వేవారు. మామ నాతో మాట్లాడటం మానేశాడు. అయినా మేం నేర్చుకోవడం మానలేదు.

ఆ ఎండాకాలం ఒక గనిలో కూలీ తొడ మీద బండ పడిందని కబురొచ్చింది. మేమే కట్టుకున్న స్ట్రెచర్ తీసుకుని పోతే గేటు దగ్గర మేస్త్రీ అడ్డం నిలబడ్డాడు.

"సారు లేడు. బయటోళ్లను లోపలికి ఇడిచేది లేదు."

"మీ సారు వచ్చేదాకా నెత్తురు ఆగుతాదా?" అంది మాతో వచ్చిన ఆ మొదటి కూలీ భార్య.

అతను కదల్లేదు. నేను స్ట్రెచర్‌ను గేటుకు అడ్డంగా వేసి దాని మీద కూర్చున్నాను. నా పక్కన తక్కినవాళ్లు కూర్చున్నారు. బయటికి రావలసిన లోడు లారీ లోపలే ఆగిపోయింది. డ్రైవరు దిగివచ్చాడు.

"ఏమప్పా, రేపు నా మీద బండ పడినా ఇట్లే చేస్తావా? తియ్ గేటు."

మేస్త్రీ తీశాడు. తొడ ఎముక విరిగింది. బద్దలు కట్టి మోసుకొచ్చాం. ఆ మనిషి ఇప్పటికీ కుంటుతూనే నడుస్తాడు, కానీ నడుస్తాడు.

మరునాడు గని యజమాని మా అంగడికి వచ్చి, కోడలిని అదుపులో పెట్టుకొమ్మని మామతో చెప్పాడు.

"నేను చెప్పి చూసినానప్పా, ఇనలేదు. నువ్వూ చెప్పి చూడు" అన్నాడు మామ, బట్ట కొలుస్తూనే.

యజమాని నా వైపు చూశాడు. నేనూ ఆయన వైపే చూశాను. అంగడి మెట్లు దిగి వెళ్లిపోయాడు. ఆ తర్వాత ఏ గనిలోకి పోవడానికీ మేం ఎవరి అనుమతీ అడగలేదు.