మంచి కాలి నరం

మా అక్క చైతన్యపురిలో ఒక ఆడపిల్లల హాస్టల్లో వంట చేసేది. నల్గొండ దగ్గరి ఊరి నుంచి పెళ్లయి వచ్చిన కొత్తలోనే ఆ పనికి కుదిరింది. షుగర్ వచ్చి చాలా ఏళ్లయింది. ఒకరోజు గంజి వంచుతుంటే కుడికాలి వేళ్ల మీద ఒలికింది. షుగర్ వల్ల పాదాలకు స్పర్శ పోయి మంట తెలియలేదట. హాస్టల్ పిల్ల ఒకతి బొబ్బను చూసి చెప్పేదాకా ఆ సంగతే ఎరగదు.

బొబ్బ పుండయింది. బొటనవేలు నల్లబడింది. ఆ తర్వాత నొప్పి మొదలైంది. పడుకుంటే కాలు కోసేస్తున్నట్టు ఉండేదట. మంచం అంచున కూర్చుని కాలు కిందికి వేలాడదీస్తే కాస్త నయం. కూర్చునే కునుకు తీసేది. బావ ఆమె వీపు వెనక దిండ్లు పేర్చేవాడు.

ఎల్బీ నగర్లోని దవాఖానకు నేనే తీసుకెళ్లాను, బావ కూడా వచ్చాడు. డాక్టరు పాదం మీద నాడి కోసం చాలాసేపు వెతికాడు. దొరకలేదు. మోకాలి కింద రక్తనాళాలు మూసుకుపోయాయనీ, ఆ కాలిలో పనికొచ్చే నరం లేదు కాబట్టి మంచి కాలిలోంచి ఒకటి తీసి, మూసుకుపోయిన చోటును దాటించి పాదానికి రక్తం అందేలా కుడతాననీ, దాన్నే బైపాస్ అంటారనీ చెప్పాడు. నిలుస్తుందని మాట ఇవ్వలేననీ, చేయకపోతే మాత్రం కాలు తీసేయాల్సిందేననీ అన్నాడు. బావ నా ముఖంలోకి చూశాడు. అక్కే ఒప్పుకుంది.

ఆపరేషన్ అయ్యాక నన్నొక్కడినే లోపలికి పంపారు. అక్క ఇంకా మత్తులోనే ఉంది.

"తమ్మీ, జర పాదం పట్టి చూడు" అంది.

పట్టుకున్నాను. వెచ్చగా ఉంది. ఆ మాట చెప్పగానే ఏడ్చింది.

ఇంటికి వచ్చిన కొన్నాళ్లకే పాదం మళ్లీ చల్లబడింది. కుట్టిన నరంలో రక్తం గడ్డకట్టిందన్నారు. మళ్లీ కోసి శుభ్రం చేసినా నిలవలేదు. చివరికి మోకాలి కింద నుంచి కాలు తీసేశారు.

అంతటితో ఆగితే ఎలాగో సర్దుకునేవాళ్లం. ఎడమకాలిలో నరం తీసిన కోత మానలేదు. కుట్లు విప్పాక పిక్క దగ్గర విచ్చుకుంది. కట్టు మార్చేటప్పుడు లోపలి కండ కనబడేది. మొన్న చూపించడానికి వెళ్తే, ఈ కాలికీ రక్తం సరిగా అందడం లేదన్నాడు డాక్టరు. దీనికీ బైపాస్ చేయాలా అని అడిగాను.

అక్క చక్రాల కుర్చీలోంచి ఆయన వైపు చూసింది.

"దీనికి నరం ఏడికెల్లి తెస్తరు సార్?"

ఆయన ఆమె చేతులు రెండూ తిప్పి చూశాడు. సెలైన్లు ఎక్కించీ ఎక్కించీ అక్కడి నరాలు గట్టిపడిపోయాయి.

"ముందు పుండు ఎలా ఉంటుందో చూద్దామమ్మా" అన్నాడు.

ఆటోలో తిరిగి వచ్చాం. కొత్తపేటలో ఇంటి ముందు బావ నిలబడి ఉన్నాడు. ఇద్దరం కలిసి ఆమెను ఎత్తుకుని లోపలికి తెచ్చాం. డాక్టర్ ఏమన్నాడని అడిగాడు.

"ఏమనలే. మళ్ల రమ్మన్నడు" అంది అక్క.

బావ కట్టు మార్చడానికి నీళ్లు కాచాలని వంటింట్లోకి వెళ్లాడు.