సంచక్క ఎంచుకున్న లెన్సు

బస్సు రెండు గంటలకు. గాజు తాత కొట్లో గోడ గడియారం పదకొండున్నర చూపిస్తోంది. బల్ల మీద మూడు లెన్సులున్నాయి. ఒకటి సంచక్క ఇంటి నుంచి తెచ్చింది. మిగతా రెండూ తాత అలమరలోంచి తీసి పెట్టినవి. ఆ రెండింటిలో ఒకటి తీసుకుని, తను తెచ్చింది ఇక్కడే వదిలి వెళ్ళాలి. ఏది తీసుకోవాలో ఆమెకి తేలడం లేదు.

సంచక్క అన్నది టూరు బస్సు ఎక్కేవాళ్ళు పెట్టిన పేరు. ఆమె భర్త ఇరవై రెండేళ్ళు ఆ బస్సులో ఫొటోగ్రాఫరు. తెల్లవారుజామున లేచి ఇంటిపని ముగించుకుని, తలుపుకి తాళం వేసి, లెన్సుల సంచీ భుజాన తగిలించుకుని ఆమె ఆయన వెనకే ఎక్కేది. ఐదో తరగతితో చదువు ఆగిపోయింది. మళ్ళీ అంకెలతో పని పడింది ఆ లెన్సుల మీదే. ఇన్నేళ్ళలో ఆయన తీసిన వేల ఫొటోల్లో ఆమె మొహం ఒక్కదాన్లోనూ లేదు. అక్కడక్కడా అంచున సంచీ పట్టీ మాత్రం కనిపిస్తుంది.

ఆయనకొక పద్ధతి ఉండేది. లెన్సు మార్చేటప్పుడు ఎదుటి మనిషి మీంచి చూపు తిప్పేవాడు కాదు. ఉన్న లెన్సు ఊడదీసి, ఎడమచెయ్యి పక్కకి చాపి వేళ్ళు వదిలేసేవాడు. కింద ఆమె చెయ్యి ఉందా లేదా అని ఒక్కసారి కూడా చూడలేదు. ఉండేది. మరుక్షణం రెండో లెన్సు ఆయన అరచేతిలో ఉండేది. పని మీద ఉన్నంతసేపూ వాళ్ళిద్దరి మధ్య నడిచే మాటలు రెండే: దగ్గర, దూరం. మొగుడూ పెళ్ళాలు రెండు మాటలతో కాపురం లాగించేస్తున్నారని బస్సులో వాళ్ళు నవ్వేవాళ్ళు.

ఎనిమిది నెలల కింద ఆయన గుండెనొప్పితో మూడు రోజులు ఆస్పత్రిలో ఉండి కన్నుమూశాడు. బస్సు యజమాని మంచివాడే గానీ మొహమాటస్తుడు కాదు. వేరే మనిషి దొరికేదాకా అని కెమెరా ఆమె చేతికే ఇచ్చి చూశాడు. ఇరవై రెండేళ్ళు పక్కన నిలబడి చూసింది వృథా పోలేదు, ఫొటోలు బాగానే వచ్చాయి. ఆయన నిలబడినట్టే నిలబడేది, ఆయన ఊపిరి బిగబట్టినట్టే బిగబట్టేది. ఇంట్లో ఏ మూలకి వెళ్ళినా ఊపిరాడని మనిషికి, ఆ బస్సు మెట్టు ఎక్కితే మాత్రం ఆడేది.

అంతా ఆయనలాగే చెయ్యబోవడమే కొంప ముంచింది. పోయిన వారం చెరువులో పడవ మీద, ఒక ముసలాయన మనవరాలికి నీళ్ళలో ఏదో చూపిస్తున్నాడు. దగ్గర లెన్సు తీసి దూరంది పెట్టాలి. సంచక్క వాళ్ళ మీంచి చూపు తిప్పకుండా లెన్సు ఊడదీసింది, ఎడమచెయ్యి పక్కకి చాపింది, వేళ్ళు వదిలేసింది.

కింద ఎవరి చెయ్యీ లేదు. లెన్సు పడవ అంచుకి తగిలి నీళ్ళలో పడింది. పడవలో అందరూ అయ్యో అన్నారు. తిరిగి వచ్చేదాకా ఆమె ఎడమ చేతిని ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.

యజమాని ఆ సాయంత్రమే చెప్పేశాడు. ఇక మార్చుకునే లెన్సులు వద్దు, దగ్గరకీ దూరానికీ ఒకే లెన్సుతో రండి, బస్సు కదిలే ముందు నా కళ్ళెదుట తీసి చూపించండి, కుదరకపోతే మీ మూడో నంబరు సీట్లో మా బావమరిది కూర్చుంటాడు అన్నాడు. వచ్చే టూరు పక్షుల మడుగుకి వెళ్తుందని కూడా గుర్తుచేశాడు.

అందుకే ఇవాళ మిగిలిన దూరం లెన్సు తీసుకుని గాజు తాత దగ్గరికి వచ్చింది. తాత పాత లెన్సులు బాగుచేసి అమ్ముతాడు. దానికి బదులుగా ఈ రెండింట్లో ఏదైనా ఇస్తానన్నాడు. ఒకటి ఇరవై ఎనిమిది నుంచి మూడు వందల దాకా లాగుతుంది, అంకె పెరిగేకొద్దీ దూరంగా ఉన్నది దగ్గరగా కనిపిస్తుంది. రెండోది ఇరవై నాలుగు నుంచి నూట ఇరవై దగ్గరే ఆగిపోతుంది.

తోడుగా వచ్చిన ఆడపడుచు స్టూలు మీద కూర్చుంది గానీ నోరు కూర్చోలేదు. అన్న పోయినప్పటి నుంచీ ఆ పిల్ల దుఃఖమంతా మాటలుగానే బయటికి వస్తోంది.

"మా అన్న ఇట్లాంటి లెన్సుల్ని ఏమనేవాడో గుర్తుందా వదినా? ఏ ఎండకా గొడుగు పట్టేవి అనేవాడు. ఇప్పుడు ఆయన చేతిలోది ఇచ్చేసి ఆ గొడుగు కొనుక్కుంటావా?"

సంచక్కకి గుర్తుంది. తాత రెండు లెన్సులూ బయటికి తీసుకెళ్ళి చూసుకోమన్నాడు. ముందు పెద్దది తగిలించి వీధిలోకి వెళ్ళింది. చివరిదాకా లాగితే, రెండు వీధుల అవతల మేడ మీద నీళ్ళ ట్యాంకు కడుగుతున్న మనిషి చొక్కా గుండీలు కూడా లెక్కపెట్టచ్చు. పక్షులంటే పక్షులే, ఈకలతో సహా వస్తాయి. చిన్నది తగిలిస్తే అదే మనిషి అగ్గిపుల్లంత.

"ఇంకా చూసేదేముంది? ఇవ్వక తప్పదంటే పెద్దదే తీసుకో, యజమాని నోరు మూతపడుతుంది" అంది ఆడపడుచు.

తాత మాత్రం కొట్టు వెనక మెట్ల దారి చూపించి, అక్కడ కూడా తీసి చూడమ్మా అన్నాడు. అక్కడ ఒక్కటే మసక బల్బు. ఆడపడుచుని పై మెట్టు మీద నిలబెట్టి, కింద నుంచి మొహం మాత్రం పడేలా లాగి రెండింటితోనూ తీసింది. పెద్దదానితో మొహం చెదిరి, నీళ్ళలో కదిలినట్టు వచ్చింది. చిన్నదానితో కనురెప్పలు కూడా తెలుస్తున్నాయి. లాగేకొద్దీ పెద్దదాని కంటికి వెలుతురు తగ్గిపోతుందని, చిన్నది ఎంత లాగినా ఒకేలా చూస్తుందని తాత చెప్పాడు. పైగా మీ కెమెరా పాతది, చీకటిని తట్టుకోలేదు అన్నాడు.

ముందు నుయ్యి, వెనక గొయ్యి. పక్షులా, మొహాలా? ఒకటి తీసుకుంటే రెండోది పోయినట్టే. తప్పు లెన్సు పట్టుకెళ్తే సీటు పోతుంది. సీటు పోతే రేపటి నుంచి ఆ ఇంట్లో, ఆ నాలుగు గోడల మధ్య, పొద్దున్న నుంచి పొద్దుపోయేదాకా.

గడియారం పన్నెండుంబావు దాటింది. మనసు తేలక, వదిలి వెళ్ళబోయే లెన్సుని చేతిలోకి తీసుకుంది. ఎన్ని వేలసార్లు అందించిందో గానీ, దాన్ని ఇంత తీరిగ్గా ఎప్పుడూ చూడలేదు. ఆయన చేతికి వెళ్ళేది, ఆయన చేతి నుంచి వచ్చేది, మూత పెట్టేది, అంతే. ఇప్పుడు మెల్లగా తిప్పింది. లోపలి గొట్టం బయటికి జరిగింది. మొదటి అంగుళం మేర గీతలు పడి, రంగు పోయి, నిగనిగలాడుతోంది. ఇంకా తిప్పింది. ఆ అంగుళం దాటాక గొట్టం నల్లగా, నిన్న డబ్బాలోంచి తీసినట్టు ఉంది.

వెనక్కి తిప్పి, అరుగుదల ఆగిన చోట అంకె చూసింది. నూరు.

"తాతా, ఒకసారి చూడండి. ఇది మూడు వందల దాకా వెళ్తుంది కదా?"

తాత కళ్ళద్దాలు నుదుటి మీదకి నెట్టి, వెలుతురుకి పట్టి చూశాడు.

"వెళ్తుందమ్మా. మీ ఆయన వెళ్ళలేదు. ఇన్నేళ్ళలో ఆ చివరికి పట్టుమని పదిసార్లు లాగి ఉండడు."

మరి దూరం, దూరం అని అన్నిసార్లు అడిగింది దేనికి? సంచక్క కళ్ళు మూసుకుంది. ఆయన నిలబడే చోటు కనిపించింది. మనుషులు మొహాలు బిగించుకోకుండా ఉండాలని నాలుగడుగులు వెనక్కి వెళ్ళి నిలబడేవాడు. వాళ్ళ మాటల్లో వాళ్ళు పడ్డాక అప్పుడు చెయ్యి చాపేవాడు. దూరం అడిగింది కొండల కోసం కాదు, పిట్టల కోసం కాదు. ఎప్పుడూ మనుషుల మొహాల కోసమే.

ఆమె లెన్సు బల్ల మీద పెట్టి చిన్నదాన్ని దగ్గరకి లాక్కుంది.

ఆడపడుచుకి అర్థమైంది. అయినా అడిగింది. "పక్షులో?"

"చూద్దాం."

"చూద్దామంటే ఎట్లా వదినా? ఆ బావమరిది ఈపాటికి సీట్లో దుప్పటి కూడా కప్పుకుని ఉంటాడు."

తాత పాత లెన్సు మీద పట్టుకు తిప్పే రబ్బరు పట్టీని గోటితో లేపి చూశాడు. సాగిపోయింది, మార్చాల్సిందే అన్నాడు. పట్టీ ఊడి చేతిలోకి వచ్చింది. ఆడపడుచు స్టూలు మీంచి లేచి, ఎవర్నీ అడక్కుండా దాన్ని తీసుకుని ముంజేతికి తొడుక్కుంది. తర్వాత బస్సు దాకా ఆ పిల్ల ఒక్క మాట మాట్లాడలేదు.

రెండుకి పది నిమిషాలుంది. బావమరిది నిజంగానే మూడో నంబరు సీట్లో నల్ల కళ్ళద్దాలతో, మెడలో కెమెరాతో ఉన్నాడు. దుప్పటి ఒక్కటే తక్కువ. ఎండకని కిటికీల తెరలన్నీ వేసేశారు. బస్సు లోపల మసకగా ఉంది. యజమాని డ్రైవరు పక్కన నిలబడి చేతులు కట్టుకున్నాడు.

"ఇక్కడ్నుంచి బస్సు మొత్తం పడాలి అక్కా."

సంచక్క మెట్టు మీద నిలబడి తీసింది. రెండు వైపుల సీట్లూ, చివరి వరసతో సహా పడ్డాయి.

"అడుగు కదపకుండా చివరి సీట్లో పెద్దావిడ మొహం."

దూరం. ఆ మాట ఎవరూ అనలేదు, అయినా ఆమె చెవిలో వినపడింది. ఎడమచెయ్యి దానంతటది లేచింది. బొటనవేలు వెళ్ళి లెన్సు వదిలే బొత్తాం నొక్కింది. లెన్సు సగం తిరిగింది. ఇంకో సగం తిరిగితే ఊడి చేతిలోకి వస్తుంది, చెయ్యి పక్కకి వెళ్తుంది, వేళ్ళు విడిపోతాయి. కింద ఎవరూ లేరు. నలభై మంది ఆమెకేసే చూస్తున్నారు.

లెన్సుని టక్కున వెనక్కి బిగించింది. ఎడమ అరచెయ్యి దాని కింద పెట్టి బరువు ఆనించుకుంది, చంటిపిల్ల తల కింద చెయ్యి పెట్టినట్టు. పట్టీ తిప్పింది, నూరు దగ్గర ఆపింది. పెద్దావిడ కాసేపు కెమెరాకేసి బిగుసుకుని చూసి, విసుగొచ్చి, పక్కనున్న ముసలాయన చొక్కా మడత సరిచేయడంలో పడింది. అప్పుడు నొక్కింది.

యజమాని ఫొటో పెద్దది చేసి చాలాసేపు చూశాడు. పెద్దావిడ మొహం మీద ముడతలన్నీ ఉన్నాయి. ముసలాయన చొక్కా మీది చెయ్యి ఉంది.

"బాగుంది. మరి ఇది పక్షులకి చాలుతుందా?"

"చాలదండీ."

అబద్ధమాడి ఉంటే బాగుండునని కింద నిలబడిన ఆడపడుచు కళ్ళు మూసుకుంది.

"పక్షులు చిన్నగానే వస్తాయి. పక్షులు టిక్కెట్టు కొనలేదు కదండీ. కొన్నవాళ్ళు వీళ్ళు."

ముందు వరసలో ఎవరో నవ్వారు. యజమాని నవ్వలేదు. ఇంకోసారి ఫొటో చూసి, కెమెరా ఆమె చేతికిచ్చాడు. మూడో నంబరు సీటు దగ్గరికి వెళ్ళి, బావమరిది భుజం తట్టి, వెనక్కి వెళ్ళి కూర్చో, నువ్వు పిట్టల సంగతి చూసుకో అన్నాడు.

సంచక్క కూర్చుంది. బస్సు కదిలింది. కిటికీ తెర పక్కకి జరిపితే, ఆడపడుచు రబ్బరు పట్టీ ఉన్న చేతిని ఎత్తి చూపిస్తోంది. సంచక్క చెయ్యి ఊపలేదు. ఎడమచెయ్యి ఇంకా లెన్సు కిందే ఉంది.